గుండె నెమ్మదిస్తే చైనా మూలికలు: పొట్లం విప్పడానికి ముందు చేయవలసిన పనులు

నల్లగొండలో మందుల దుకాణం నడిపే నా దగ్గరికి కొన్నేళ్లుగా చైనా లిపి ఉన్న పొట్లాలు, సీసాలు వస్తున్నాయి. వాటిని తెచ్చేవారు కొనడానికో అమ్మడానికో రారు, చదివించుకోవడానికి వస్తారు. సింగపూరుకో మలేషియాకో పనికి వెళ్లిన కొడుకు పంపినవి కొన్ని, ఫోనులో చూసి తెప్పించుకున్నవి కొన్ని, పట్నంలో సూదులు గుచ్చే వైద్యం చేసేవారు చేతిలో పెట్టినవి కొన్ని. "గుండె మెల్లగ కొట్టుకుంటుందన్నరు, మిషను పెట్టాలన్నరు. ఇది తాగితే మిషను అక్కర లేదంట, నిజమేనా సారూ?" అన్నదే దాదాపు అందరూ అడిగే ప్రశ్న. ఏ గుండె, ఏ కారణంగా, ఎంత నెమ్మదించిందో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. నేను వైద్యుణ్ణి కాను, మందులు తెలిసినవాణ్ణి. అటువంటి పొట్లం ఇంటికి వచ్చినప్పుడు ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో, ఏది అసలే చేయకూడదో ఆ మేరకే రాస్తున్నాను.

మొదటి పని నాడిని లెక్కపెట్టడం

మనిషిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి. మణికట్టు లోపలి వైపు, బొటనవేలి కింద ఉండే గుంటలో మన చూపుడు వేలు, నడిమి వేలు ఆనించాలి. బొటనవేలు పెట్టకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది కనుక మన నాడినే మనం లెక్కపెట్టుకునే ప్రమాదం ఉంది. గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కించాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించే అలవాటు ఆసుపత్రుల్లో కూడా ఉంది గానీ, మధ్యమధ్య దెబ్బ తప్పే నాడిలో ఆ లెక్క తప్పుతుంది. ఎన్ని దెబ్బలు పడ్డాయో రాసుకోవడంతోపాటు అవి సమానంగా పడ్డాయా, మధ్యలో ఆగి ఆగి పడ్డాయా అన్నది కూడా ఒక మాటలో రాసుకోవాలి. ఇలా మూడు రోజులు పొద్దున లేచిన తరువాత ఒకసారి, సాయంత్రం ఒకసారి రాస్తే వైద్యుడి ముందు పెట్టడానికి పనికివచ్చే కాగితం తయారవుతుంది.

బీపీ మిషను, వేలికి తగిలించే ఆక్సిజన్ మిషను చూపే అంకెను ఒక్కదానినే నమ్మరాదు. కొందరికి ప్రతి మామూలు దెబ్బ వెనుకా తొందరపడి ఒక దెబ్బ పడుతుంది. ఆ తొందర దెబ్బకు గుండెలో రక్తం నిండి ఉండదు కనుక అది మణికట్టుదాకా రాదు. అప్పుడు గుండె 76 సార్లు కొట్టుకుంటున్నా మిషను 38 అని చూపుతుంది. అటువంటి మనిషికి గుండెను ఉరికించే మూలిక ఇస్తే, ఉన్న రోగం వదిలి లేని రోగానికి మందు వేసినట్టే.

పెద్దవారికి విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 మామూలు లెక్క. 60 కంటే తగ్గితే బ్రాడీకార్డియా అంటారు. అయితే రోజంతా చేనులో వంగి పని చేసేవారికి, పరుగు సాధన చేసే పిల్లలకు 50 ఉన్నా ఏ లోపమూ ఉండకపోవచ్చు. నిద్రలో అందరికీ ఇంకా తగ్గుతుంది. అందుకే అంకె పక్కన లక్షణం రాసుకోవాలి. కండ్లు తిరగడం, నాలుగు మెట్లు ఎక్కేసరికి ఆయాసం రావడం, ఇదివరకు లేని నీరసం, నిలబడినచోటే సొమ్మసిల్లడం ముఖ్యమైనవి. మన ఊళ్లలో వీటిని పైత్యం అనో, ఎండదెబ్బ అనో, కల్లు పడలేదనో అనుకొని వారాలు గడిపేస్తారు. కల్లులో కలిపే మత్తుమందుల వల్ల కూడా కండ్లు తిరుగుతాయన్న మాట నిజమే గానీ, అది కల్లు వల్లనా గుండె వల్లనా అన్నది నాడి పట్టుకుంటే ఒక నిమిషంలో సగం తేలిపోతుంది.

రెండో పని, కారణం ఇంట్లోనే ఉందేమో వెతకడం

దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన మనవడితో కలిసి చైనా గోలీల డబ్బా పట్టుకొని వచ్చాడు. కౌంటరు ముందున్న స్టూలు మీద కూర్చోబెట్టి నాడి పట్టుకుంటే నిమిషానికి 42 దెబ్బలు లెక్కకు వచ్చాయి, ఒక్కటీ తప్పకుండా, చేదబావి గిలక తిరిగినంత నిదానంగా.

"ఏం మందులేస్కుంటున్నవ్ తాతా?" అని అడిగాను.

"బీపీ గోలీ ఒక్కటే బిడ్డా."

"కంట్లె చుక్కలేమన్న ఏస్కుంటున్నవా?"

"ఏస్కుంటున్న. అవి కంటియి గద, గుండెకేం సంబంధం?"

మనవడి సంచిలో ఆ చుక్కల సీసా కూడా ఉంది. టిమొలాల్. నీటికాసులకు, అంటే కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బుకు రాసే మందు. ఆయన మింగుతున్న బీపీ గోలీ అటెనొలాల్. రెండూ ఒకే జాతి మందులు; రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే. కంటిలో వేసిన చుక్క కంటి మూల నుంచి ముక్కులోకి జారి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన గోలీలాగా ముందు కాలేయం గుండా పోదు కనుక చిన్న చుక్కే అయినా ప్రభావం గట్టిగా ఉంటుంది. గోలీ రాసిన వైద్యుడికి చుక్కల సంగతి తెలియదు, చుక్కలు రాసిన వైద్యుడికి గోలీ సంగతి తెలియదు. ఏదీ ఆపమని నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అటెనొలాల్‌ను వైద్యుడి మాట లేకుండా ఉన్నట్టుండి మానేస్తే బీపీ, గుండెనొప్పి ఎగదన్నుతాయి. రెండు చీటీలూ ఒకే కాగితం మీద రాసి గుండె వైద్యుడి దగ్గరికి పంపాను. చుక్కలు మారాయి. రెండు వారాల తరువాత నాడి 64. చైనా డబ్బా మూత తీయకుండానే మిగిలిపోయింది.

గుండెను నెమ్మదింపజేసే మందుల పట్టిక ప్రతి ఇంట్లో ఉండదగినదే. అటెనొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి లాల్ అని ముగిసేవి, వెరాపమిల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్, అమియొడరోన్, ఇవాబ్రాడిన్, క్లోనిడిన్, మతిమరుపుకు ఇచ్చే డొనెపెజిల్ ఇందులో ముఖ్యమైనవి. మందులు కాక థైరాయిడ్ తగ్గడం మరో పెద్ద కారణం. ఆ లోపం సరిదిద్దితే నాడి తానే పుంజుకుంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో, రామిప్రిల్, స్పైరొనొలాక్టోన్ వాడుతూ కొబ్బరినీళ్లు ఎక్కువగా తాగేవారిలో రక్తంలో పొటాషియం పెరిగి గుండె మందగిస్తుంది. కనుక థైరాయిడ్, పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే మూడు రక్తపరీక్షలు, ఒక ఈసీజీ లేకుండా ఏ దేశపు మూలికా నోట్లో వేసుకోవద్దు.

మన జిల్లాల్లో ఇంకో రకం నెమ్మది ఉంది. పత్తి చేనులో మందు కొట్టి వచ్చిన మనిషికి చెమటలు పట్టి, నోటి నుంచి చొంగ కారి, కంటిపాప సూదిమొనంత చిన్నదై, నాడి నెమ్మదిస్తే అది పురుగుమందు విషం. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ జాతి మందులు చేసే పని అది. పచ్చగన్నేరు గింజ లోపలికి పోయినా గుండె ఇలాగే మందగించి, లయ తప్పి, ఆగిపోయే స్థితికి వస్తుంది. ఈ రెండింటికీ ఇంట్లో చేసే వైద్యం లేదు. పసరు పోయవద్దు, మజ్జిగ తాగించవద్దు. పురుగుమందైతే బట్టలు మార్చి, ఒంటిని నీళ్లతో కడిగి, ఏదైనా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నెమ్మది ఎక్కడ మొదలైందో ఈసీజీ చెబుతుంది

గుండె కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం నిమిషానికి ఇన్నిసార్లు అని విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. అది మధ్యలో ఏవీ నోడ్ అనే మదుం దగ్గర క్షణం నిలిచి, అక్కడి నుంచి కింది గదులకు పారుతుంది. పుట్టేచోటే మందగిస్తే ఒక జబ్బు, పుట్టినది మధ్యలో తెగిపోతే వేరే జబ్బు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు పైన తూము ఎత్తినా, మధ్యలో కాలువ తెగి ఉంటే ఆయకట్టు చివరి పొలానికి నీరు అందదు. పైన ఇంకా ఎక్కువ వదిలితే గండి పెద్దదవుతుంది. గుండెలోనూ అంతే. రెండో తరగతిలో రెండో రకం అడ్డంకి, అంటే మొబిట్జ్ టైప్ 2 బ్లాక్, ఉన్నవారికి పైన వేగం పెంచితే కిందికి చేరే దెబ్బలు మరింత తగ్గవచ్చు. పూర్తి అడ్డంకి, అంటే కంప్లీట్ హార్ట్ బ్లాక్, ఉన్నవారికి పేస్‌మేకర్, అంటే జనం చెప్పే ఆ మిషను, తప్ప నమ్మదగిన మందు ఏ వైద్యంలోనూ లేదు. చీటీ మీద ఈ మాటల్లో ఏది రాసి ఉందో చూడకుండా పొట్లం విప్పడం దండగ.

ఒకసారి తీసిన ఈసీజీలో ఏమీ కనిపించకపోతే 24 గంటలు ఛాతీకి తగిలించి ఉంచే హోల్టర్ పరీక్ష ఉంది. రోజులో ఎప్పుడో ఒకసారి మాత్రమే సొమ్మసిల్లేవారికి అది అవసరం.

చైనా వైద్యులు దీనిని ఎలా చూస్తారు

చైనా సంప్రదాయ వైద్యంలో కూడా నాడి చూడకుండా మందు లేదు, ఈ సంగతి పొట్లాలు అమ్మేవారు చెప్పరు. వైద్యుడు తన శ్వాసతో రోగి నాడిని కొలుస్తాడు. ఒక శ్వాసకు నాలుగైదు దెబ్బలు మామూలు. మూడే పడితే దానిని చీ నాడి, అంటే జాగు నాడి అంటారు. నిమిషానికి 16 నుంచి 18 శ్వాసలు అనుకుంటే ఆ లెక్క 48 నుంచి 54 దెబ్బల మధ్యకు వస్తుంది, నేటి వైద్యుడి లెక్కకు దూరం కాదు. నెమ్మదిగా ఉండి ఇష్టం వచ్చినట్టు ఆగేదానికి ఒక పేరు, ఒక క్రమంలో ఆగేదానికి మరో పేరు పెట్టారు. హంస నడక, కప్ప నడక, పాము నడక అని నాడికి గతులు చెప్పిన మన వైద్యులకు ఈ చూపు కొత్తదేమీ కాదు.

జాగు నాడికి వారు చెప్పే మూలం చలువ. ఒంటిలో యాంగ్ అనే వేడి తగ్గి, ముఖ్యంగా గుండెలో, మూత్రపిండాలలో తగ్గి, రక్తం పేరుకున్నట్టయి నాడి ఈడ్చుకుంటూ నడుస్తుందని వారి భావన. అందుచేత ఈ జబ్బుకు ఇచ్చే మందులలో ఎక్కువ భాగం వేడి చేసేవే. చేతులు కాళ్లు చల్లబడి, నాలుక పాలిపోయి ఉన్నవారికి ఒక యోగం, అంటే మందుల కూర్పు, నోరు ఎండి, చెమటలు పట్టి, సత్తువ తగ్గినవారికి మరో యోగం ఇస్తారు. ఒకరికి పనిచేసిందని పక్కింటివారికి ఇచ్చే పద్ధతి ఆ వైద్యానికే విరుద్ధం.

యోగాలలో నాలుగింటి పేర్లు తెలుసుకుంటే చాలు. సుమారు 1800 ఏళ్ల కిందటి వైద్యుడు ఝాంగ్ ఝోంగ్‌జింగ్ చెప్పిన ఝిగాన్‌సావ్ కషాయంలో ప్రధాన వస్తువు అతిమధురం. దానితో అల్లం, రేగుపండు, దాల్చిన జాతి కొమ్మ, జిన్సెంగ్, గాడిద తోలు నుంచి తీసే జిగురు వంటివి చేరతాయి. అది దెబ్బ తప్పే నాడికి, గుండెదడకు చెప్పినది. నెమ్మదిగా కొట్టుకునే ప్రతి గుండెకూ కాదు. షెంగ్‌మై పొడిలో జిన్సెంగ్, మైమెన్‌దోంగ్ దుంప, వూవేయ్‌జీ పండు అని మూడే ఉంటాయి; అది సత్తువ తగ్గినవారికి. అదే ఝాంగ్ చెప్పిన మూడు వస్తువుల కషాయం మరొకటి ఉంది, మాహువాంగ్, షీషిన్, ఫూజీ కలిపినది; ఈ మూడింటి సంగతి కింద వస్తుంది. మొదట చలి పట్టిన జ్వరానికి చెప్పిన దానిని నేటి చైనా వైద్యులు జాగు నాడికి వాడుతున్నారు. ఇక కర్మాగారంలో తయారై సీసాలలో వచ్చే షెన్‌షియాన్ షెంగ్‌మై ద్రవంలో ఎర్ర జిన్సెంగ్, ఎపిమీడియం ఆకు, మన బావంచాలు, గోజీ పండు, మాహువాంగ్, షీషిన్, దాన్‌షెన్ వేరు, జలగ ఉంటాయి. సైనస్ నోడ్ మందగించినవారి కోసమే దానిని తయారుచేశారు.

వీటి మీద చైనాలో పరీక్షలు జరిగాయి. చాలావరకు అవి కొద్దిమంది మీద, కొద్ది వారాలపాటు, ఎవరికి అసలు మందు ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ తెలిసేలా చేసినవి. నిమిషానికి కొన్ని దెబ్బలు పెరిగాయని అవి చెబుతాయి. సొమ్మసిల్లడం ఆగిందా, మిషను అవసరం నిజంగా తప్పిందా అన్న ప్రశ్నలకు ఆ తరహా పరీక్షలు జవాబు ఇవ్వలేవు. నా మట్టుకు నేను వీటిని బూటకమని అనను. మాహువాంగ్ గుండె వేగాన్ని పెంచుతుందనడంలో అనుమానం లేదు; ఎందుకు పెంచుతుందో తెలుసు కనుకనే భయపడతాను.

పొట్లం మీద వెతకవలసిన పేర్లు

పొట్లం మీది అక్షరాలు మనకు తెలియకపోయినా ఫోను కెమెరా అనువాదంతో పేర్లు బయటపడతాయి. పేర్లే లేని పొట్లమైతే ఇక్కడితో ఆగిపోవచ్చు, దానిని వాడకూడదు. ఉంటే ముందుగా వెతకవలసింది ఫూజీ. అకోనిటమ్ అనే పేరుతో కూడా రాస్తారు. అది మన నాభి జాతి దుంప. ఆయుర్వేదంలో వత్సనాభి అని, త్రిభువనకీర్తి, ఆనందభైరవి వంటి రసాలలో శుద్ధి చేసి కలిపేది దాని దగ్గరి చుట్టమే. మనవారు గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చేస్తే, చైనావారు ఉప్పునీటిలో నానబెట్టి ఉడికిస్తారు. ఆ ఒక్క దుంపలోనే గుండెను చురుకు చేసే హైజెనమిన్ ఉంది, గుండె కణాలలో సోడియం దారులను మూయనివ్వకుండా తెరిచి ఉంచి లయను చెదరగొట్టే అకోనిటిన్ కూడా ఉంది. ఎక్కువసేపు మరిగిస్తే అకోనిటిన్ విరిగి చాలా తక్కువ విషమున్న పదార్థంగా మారుతుంది. మరగడం తగ్గితే విషం మిగులుతుంది. ఇక్కడ కట్టెల పొయ్యి మీద పెట్టి, కరెంటు పోయిందనో చేనుకు పోవాలనో అరగంట ముందే దింపేసే కషాయం అది కాదు. చైనా ఔషధ గ్రంథంలో శుద్ధి చేసిన ఫూజీకి 3 నుంచి 15 గ్రాముల మోతాదు ఉంది గానీ, ఒక దుంపకూ మరో దుంపకూ విషం పాలు మారుతుంది కనుక ఆ అంకె ఇంటి తక్కెడకు భరోసా ఇవ్వదు. పెదవులు, నాలుక, వేళ్ల చివరలు తిమ్మిరెక్కి చీమలు పాకినట్టుండటం మొదటి గుర్తు. ఆ తరువాత వాంతులు, గుండె లయ తప్పడం. దీనికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో గుండెను నిలబెట్టుకుంటూ విషం దిగేదాకా కాపాడటమే వైద్యం.

రెండోది మాహువాంగ్, అంటే ఎఫెడ్రా. 1885లో జపాను శాస్త్రవేత్త నాగాయి దీని నుంచి ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. వెన్నుకు మత్తుసూది ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే నేటికీ మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు అదే. బీపీ, వేగం రెండింటినీ పెంచుతుంది. గుండె రక్తనాళాలలో అడ్డంకులున్నవారికి, బీపీ ఎక్కువగా ఉన్నవారికి, పక్షవాతం వచ్చి తగ్గినవారికి ఇది తగదు. ప్రొస్టేటు పెరిగిన ముసలివారికి మూత్రం ఆగిపోవచ్చు. నాడి నెమ్మదించేదీ ఎక్కువగా ఆ వయసువారికే కనుక ఈ మాట గుర్తుంచుకోవాలి. ఎఫెడ్రిన్ ఉన్న ఆహార పూరకాలను అమెరికా 2004లో నిషేధించింది.

మూడోది షీషిన్, అంటే అసారమ్. మూత్రపిండాలను పాడుచేసి క్యాన్సరు తెచ్చే అరిస్టొలోకిక్ ఆమ్లం ఆ మొక్కలో కొద్దిగా ఉంటుంది, ఆకులో ఎక్కువ, వేరులో తక్కువ. క్రియాటినిన్ ఇప్పటికే పెరిగి ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు.

షిన్‌బావ్ అనే గోలీలు కొన్నింటిలో యాంగ్‌జిన్‌హువా, చాన్‌సూ రెండూ ఉంటాయి. యాంగ్‌జిన్‌హువా మరేదో కాదు, మన పొలం గెట్ల మీద తెల్లగా పూసే ఉమ్మెత్త జాతి పువ్వు. దానిలోని అట్రోపిన్ జాతి పదార్థాలు గుండె వేగం పెంచుతాయి. ఆసుపత్రిలో నాడి పడిపోయినప్పుడు ఇచ్చే సూది, పురుగుమందు విషానికి ఇచ్చే సూది కూడా అట్రోపినే. అది చదివి గెట్టు మీది ఉమ్మెత్త కాయ నూరి పోస్తామంటే మాత్రం మతి తప్పి, ఒళ్లు కాలిపోయి, మనిషి చేతికి రాకుండా పోతాడు. ఎంత గింజలో ఎంత మందు ఉందో ఎవరికీ చిక్కదు. చాన్‌సూ కప్ప చర్మం నుంచి తీసే విషం. అది డిగాక్సిన్ చేసే పనే చేస్తుంది. డిగాక్సిన్ వాడేవారు దానిని ముట్టుకోకూడదు.

మిగిలినవాటిలో దాన్‌షెన్ రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్‌ను మరింత బలపరుస్తుంది, జిన్సెంగ్ బలహీనపరుస్తుంది. వాల్వు మార్పించుకొని వార్ఫరిన్ మీద ఉన్నవారు ఈ రెండింటికీ దూరంగా ఉండాలి. అతిమధురం వారాల తరబడి ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నీరు దిగే గోలీలు వాడేవారికి ఆ తగ్గుదల మరింత ఎక్కువ కావచ్చు. అల్లం, రేగుపండు వంటివి వంటింటి వస్తువుల్లాంటివి. వాటితో భయం లేదు, వాటితో ఆగిన గుండె నడవదు కూడా.

అయినా వాడాలనుకుంటే

పేస్‌మేకర్ అవసరం లేదని గుండె వైద్యుడు చెప్పి, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలన్న మనిషి, సైనస్ నోడ్ కొద్దిగా మందగించిన మనిషి, మిగతా జబ్బులు లేని మనిషి ఒక ప్రయత్నం చేసి చూస్తానంటే నేను తలుపు మూయను. కానీ కొన్ని పనులు తప్పవు.

చైనా మూలికావైద్యానికి మన దేశంలో గుర్తింపు లేదు. ఆయుర్వేదం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా, హోమియో వైద్యాలకు ఉన్నట్టు దానికి పట్టా ఇచ్చే, తప్పు చేస్తే అడిగే వ్యవస్థ ఇక్కడ లేదు. కనుక మందు చెప్పినవారి గోడ మీది పటం చూసి కాక, ఆయన చదువు ఎక్కడ, ఏ పట్టా అని అడగాలి. ఆయుర్వేదంలో డిగ్రీ చేసిన వైద్యుడు ఒకరిని కూడా కలిసి పొట్లం చూపిస్తే మంచిది. నాభి, ఉమ్మెత్త, గన్నేరు మూడూ మన మందుల చట్టంలో విషపదార్థాల పట్టికకెక్కినవే కనుక ఆయనకు వాటి సంగతి తెలిసి ఉంటుంది.

ఫూజీ, మాహువాంగ్, ఉమ్మెత్త, చాన్‌సూ ఉన్నదానిని ఇంట్లో మొదలుపెట్టవద్దు. మిగిలినవాటిలో ఏదైనా ఒక్కటే మొదలుపెట్టాలి. రెండు కలిపితే తేడా వచ్చినప్పుడు దేనివల్లనో తెలియదు. గుండె వైద్యుడికి చెప్పాలి. కోప్పడతారని దాచేవారే ఎక్కువ; కోప్పడనివ్వండి, చీటీ మీద మాత్రం రాయించండి. పాత గోలీలు మానకూడదు. నాడి, బీపీ రోజుకు రెండుసార్లు పుస్తకంలో రాయాలి. నాలుగు వారాలకు మళ్లీ ఈసీజీ, పొటాషియం, క్రియాటినిన్ చూసుకొని, మార్పు లేకపోతే మానేయాలి. గర్భిణులకు, పిల్లలకు ఇందులో ఏదీ వద్దు. సూదులు గుచ్చే వైద్యంలో మణికట్టు లోపలి నెయ్‌గువాన్ అనే చోట గుచ్చడం గుండెదడకు వాడుక. అందులో పెద్ద ప్రమాదం లేదు గానీ, పేస్‌మేకర్ ఉన్నవారు ఆ సూదులకు కరెంటు తగిలించనివ్వకూడదు.

పేస్‌మేకర్ అంటే జనానికి ఉన్న భయం సగం ఖర్చు గురించే. ఒంటి లోపల అమర్చే మొదటి పరికరాన్ని 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి అమర్చారు. ఆయన 2001 దాకా బతికాడు. ఇప్పుడు అమర్చడానికి భుజం కింద చిన్న కోత చాలు, బ్యాటరీ చాలా ఏళ్లు వస్తుంది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. అందులో పేస్‌మేకర్ చికిత్స ఉంది, తెలంగాణలో కుటుంబానికి పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కార్డు పట్టుకొని ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి అడగాలి. చైనా సీసాలకు నెలనెలా పెట్టే డబ్బును ఆ తరువాత లెక్కవేసుకోవచ్చు.

ఎప్పుడు పొట్లం పక్కన పెట్టి 108కి ఫోను చేయాలి

సొమ్మసిల్లి పడిపోతే, నాడి 40 కంటే తగ్గి కండ్లు తిరుగుతుంటే, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే, మూలిక తాగిన కొద్ది గంటల్లో పెదవులు తిమ్మిరెక్కితే ఆలస్యం చేయకూడదు. సొమ్మసిల్లిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొద్దిగా ఎత్తి ఉంచాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. సోయి లేనివారి నోట్లో నీళ్లు, సోడా, చక్కెర ఏదీ పోయకూడదు. పలకక, శ్వాస కూడా ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు పెట్టి గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

వెళ్లేటప్పుడు తాగిన మందు పొట్లం, మిగిలిన కషాయం సీసాలో పోసి మూత బిగించి, ఉడికించిన గిన్నె అడుగున మిగిలిన వేళ్లు ఒక కవర్లో కట్టి, రోజూ వాడే గోలీల చీటీతో కలిపి వెంట తీసుకుపోవాలి. ఏ గంటకు ఎంత తాగారో కాగితం మీద రాసి దానికే పిన్ను చేయాలి.